చేవలేని చెక్క

మా బాబాయిని ఊళ్లో అందరూ వెంట్రుకవాసి మేస్త్రి అంటారు. ఎవరు చేసిన బల్ల అయినా, కిటికీ అయినా ఆయన ముందుకు వంగి, ఎడమ కన్ను మూసి, కుడి కంటితో అంచు వెంట ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసి, "వెంట్రుకవాసి తేడా ఉంది" అంటాడు. తన పెళ్లి ఫోటో చూసి కూడా కెమెరా వెంట్రుకవాసి వాలిందన్నాడట. వాలింది కెమెరా కాదు, ఆ రోజు కొత్త చెప్పులు కరుస్తుంటే ఒంటికాలి మీద నిలబడ్డ పెళ్లికొడుకు అని పిన్ని నలభై ఏళ్లుగా చెబుతోంది. ఆయన ఒప్పుకోలేదు.

పదమూడో ఏట మేనమామ దగ్గర పనిలో చేరాడు. ఆ మేనమామకు ఒకటే పట్టింపు: దుంగ నడిమధ్య ఉండే ముదురు రంగు చేవే చెక్క, బెరడు పక్కన ఉండే తెల్లదంతా చెత్త. చేసిన కుర్చీలో ఎక్కడైనా వేలెడు తెల్లచెక్క కనిపిస్తే ఆ ముక్కే ఊడదీసి దాంతోనే వీపు మీద ఒకటి వేసేవాడట. అందుకేనేమో బాబాయి లోకాన్ని కూడా చేవ ఉన్నది, లేనిది అని రెండుగా చీల్చుకున్నాడు. మనుషుల్లో చాలామంది రెండో కుప్పలోనే పడ్డారు. మా చెల్లెలి మొగుడు, అంటే బాబాయి సొంత అల్లుడు, పెళ్లిచూపుల నాడే పడ్డాడు. "కుర్రాడు మంచివాడే. చేవలేదు." టైర్ల పంక్చర్లు వేసే దుకాణం అతనిది. నెమ్మదస్తుడు, గొంతు పెంచడం తెలియదు. ఏమన్నా "సరే మామయ్యా" అనేవాడు. వాదించేవాళ్లంటే బాబాయికి కోపం, వాదించనివాళ్లంటే చులకన. ఇక ఆ అల్లుడు ఏం చేస్తాడు?

నలభై ఐదేళ్లు ఒకే ఫర్నిచర్ కార్ఖానాలో పనిచేశాక, ఫ్యాక్టరీలో కోసిన పలకలూ పొట్లంలో కట్టిన మరలూ వచ్చిపడి ఆ కార్ఖానా మూతపడింది. బాబాయి పెట్టె సర్దుకుని ఇంటికొచ్చాడు. మొదటి నెల ఇంట్లో పాడైనవి బాగుచేశాడు. రెండో నెల బాగున్నవి బాగుచేశాడు. పిన్ని వారానికి మూడు రోజులు ఊరి చివర కుట్టుపని కేంద్రానికి వెళ్తుంది. ఆవిడ తిరిగొచ్చేసరికి ఏదో ఒక తలుపు కాస్త సన్నబడి ఉండేది. వంటింటి తలుపు నేలకు రాస్తోందని చిత్రిక పట్టాడు. దానికి సరిపోవాలని నడవ తలుపు పట్టాడు. ఆ రెంటికీ సాటి రావాలని స్నానాల గది తలుపు పట్టాడు. చివరికి ఆ తలుపు మూసినా నిలిచేది కాదు. లోపలున్నవాళ్లు నీళ్ల బకెట్ అడ్డం పెట్టుకుని, ఉన్నామని తెలియడానికి కూనిరాగం తీస్తూ స్నానం చెయ్యాల్సి వచ్చింది.

"అమ్మాయీ," అంది పిన్ని నాతో, "మీ బాబాయిని పగలంతా ఎక్కడైనా కూర్చోబెట్టే చోటు చూడవే. ఇంకో నెల పోతే ఈ ఇంటికి గుమ్మాలే మిగులుతాయి, తలుపులుండవు."

నేను నీటి పరిశోధన చేసే సంస్థలో స్టోర్స్ గుమాస్తాని. గాజు గొట్టాలు, చేతి తొడుగులు, రబ్బరు పైపులు ఇవ్వడం, సంతకం పెట్టించుకోవడం నా పని. సరిగ్గా ఆ వారమే మూడో అంతస్తు డాక్టరు మేడమ్ నా కిటికీ దగ్గరికి వచ్చారు. ఆవిడ చేతిలో ప్లాస్టిక్ డబ్బా, డబ్బాలో పీచులు లేచిన చెక్కబిళ్లలు.

"ఇలాంటివి నున్నగా కోసిపెట్టేవాళ్లు ఎవరైనా తెలుసా? మా పిల్లలు మెషీన్‌తో కోస్తే చీపురుకట్ట చివర్లలా వస్తున్నాయి."

నేను ముందూ వెనకా చూడకుండా "మా బాబాయి ఉన్నాడు మేడమ్" అన్నాను. ఆ తర్వాత ఏడాదిపాటు ఆ మాటకు ఆవిడ ఒక రోజు నాకు దణ్ణం పెట్టారు, ఇంకో రోజు నన్ను కోపంగా చూశారు.

మర్నాడు బాబాయి ఇస్త్రీ చొక్కా వేసుకుని, పనిముట్ల పెట్టె భుజాన పెట్టుకుని వచ్చాడు. డాక్టరు అని విన్నాడు కదా, కుర్చీలో కూర్చోగానే ప్యాంటు పైకి మడిచి ఎడమ మోకాలు చూపించాడు. మెట్లెక్కేటప్పుడు ఎక్కడ కలుక్కుమంటుందో, చలికాలం ఎలా ఉంటుందో అంతా చెప్పాడు. మేడమ్ పాపం చివరిదాకా విన్నారు.

"మేస్త్రిగారూ, నేను ఆ డాక్టర్ని కాదు. నీళ్ల డాక్టర్ని."

"మోకాల్లో నీరే అంటున్నారు మేడమ్" అన్నాడు బాబాయి.

పని చెప్పారు. రెండు రూపాయి బిళ్లలంత వెడల్పు, చిటికెనవేలంత మందం ఉన్న చెక్కబిళ్ల కావాలి. దాన్ని గొట్టంలో బిగించి పైనుంచి మురికినీళ్లు పోస్తే కిందికి మంచినీళ్లు రావాలి. ఇంకా ఏదో చెప్పబోతుంటే బాబాయి చేత్తో వారించాడు. చెక్క గురించి తనకు చెప్పడమేమిటన్నట్టు లేచి వెళ్లిపోయాడు.

మూడు రోజుల తర్వాత పాత గుడ్డలో చుట్టి ఒక బిళ్ల తెచ్చాడు. పాతికేళ్లు ఎండిన దుంగలోంచి తీసిన నల్లటి చేవ. మొహం చూసుకునేలా మెరుస్తోంది. దాన్ని గొట్టంలో బిగించి నీళ్లు పోశారు. అందరం కింద గాజుపాత్ర కేసి చూస్తూ నిలబడ్డాం. పది నిమిషాలైంది. అరగంటైంది. పాత్ర పొడిగానే ఉంది.

బాబాయి చేతులు కట్టుకుని అందరి మొహాలూ కలియజూశాడు. "చూశారా? ఒక్క చుక్క కారలేదు."

నవ్వితే ఎక్కడ నొచ్చుకుంటాడోనని మేడమ్ దగ్గు నటించారు. తర్వాత ఆయన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి ఆవరణలో ఉన్న చెట్టును చూపించారు. సూదుల్లాంటి ఆకులు, పొలుసులు పొలుసులుగా కాయలు, మూడంతస్తుల ఎత్తు.

"వేరు తాగిన నీళ్లు ఆ కొనాకు దాకా ఎలా పోతున్నాయంటారు మేస్త్రిగారూ?"

"పోతున్నాయి."

"అదే, ఎలా?"

"మనమెప్పుడు అడిగాం మేడమ్?"

"బెరడు పక్కన తెల్లచెక్క ఉంటుంది చూడండి, దాన్నిండా వెంట్రుకకన్నా సన్నటి గొట్టాలుంటాయి. ఒక్కొక్కటి గోరంత పొడుగు కూడా ఉండదు. ఒకదాన్నుంచి ఇంకోదాన్లోకి నీళ్లు పక్క గుమ్మంలోంచి దాటాలి. ఆ గుమ్మానికి జల్లెడలాంటి పొర. ఒక గొట్టంలో గాలిబుడగ చేరితే పక్కదానికి పాకకుండా చెట్టు పెట్టుకున్న ఏర్పాటు అది. అంత సన్నటి జల్లెడలోంచి కడుపులో రోగం తెచ్చే క్రిములు చాలావరకు దూరలేవు. అలాంటి పొరని చూసి ప్లాస్టిక్‌తో చేద్దామని మూడేళ్లు తంటాలు పడ్డాను. చెట్టు చేసినదాన్నే ముందు సరిగ్గా వాడుకోవడం నేర్చుకుందాం అనిపించింది."

"మరి చేవలో ఆ గొట్టాలు లేవా?"

"ఉన్నాయి. కానీ మూసుకుపోయి, జిగురు నిండి గట్టిపడిపోయాయి. చేవంటే పని మానేసిన చెక్కండీ."

బాబాయి మొహం గంటు పెట్టుకున్నాడు. కాసేపు చెట్టు కేసి చూసి, "రిటైరైనవాళ్లని అలా అనకూడదు మేడమ్" అన్నాడు.

దాంతో రాడేమో అనుకున్నాను. సాయంత్రం వాళ్లింటికెళ్తే వాకిట్లో ఆ సూదాకుల చెట్టు పచ్చికొమ్మ ముందు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. అరవై ఏళ్లు వచ్చాక తెల్లచెక్క చిత్రిక పట్టాల్సి వచ్చిందని మేనమామ పేరు చెప్పి వాపోయాడు. వాపోతూనే ఉలి నూరాడు. అడ్డంగా ఒక్క కోత కోసి, పైభాగాన్ని క్షౌరం చేసినట్టు ఉలితో పల్చగా గీకాడు. ఆ బిళ్ల మీద వేలు పెడితే సబ్బు ముట్టుకున్నట్టుంది.

మర్నాడు మేడమ్ నీళ్లలో కరగని ఎర్రటి రంగుపొడి కలిపి ఆ బిళ్ల మీద పోశారు. క్రిమి మన కంటికి కనపడదు కాబట్టి దాని బదులు ఆ పొడి. ఐదు నిమిషాలకు గొట్టం కింద ఒక చుక్క ఊరింది, నిలిచింది, రాలింది. తేటగా ఉంది. రెండోదీ అంతే. సాయంత్రం బిళ్లను నిలువునా చీల్చి చూస్తే ఎరుపంతా పైన గోరుమందం లోపలే ఆగిపోయింది. దాని కింద చెక్క ఎలా ఉన్నది అలాగే ఉంది.

బాబాయి ఆ రెండు చెక్కల్నీ కంటికి దగ్గరగా పట్టుకుని చాలాసేపు చూశాడు. "ఇన్నేళ్లలో దీన్ని ఎంత పొయ్యిలో పెట్టి ఉంటాను" అన్నాడు. ఆ రోజు టీ కూడా తాగడం మర్చిపోయాడు.

ఆ తర్వాత ఆయనకు పట్టపగ్గాల్లేవు. మూడో అంతస్తులో ఓ మూల బల్ల వేయించుకున్నాడు. ఆ బల్ల వంకరగా ఉందని రెండు రోజులు దాన్నే సరిచేశాడు. పరిశోధక విద్యార్థులకు ఉలి పట్టుకోవడం నేర్పబోయి, ఒకమ్మాయి చేతిరాత చూసి "ఈ గీత వాలింది" అన్నాడు. ఆ పిల్ల మేడమ్‌తో చెప్పుకుంది, మేడమ్ నాతో, నేను పిన్నితో. పిన్ని మాత్రం "నాకు ఇల్లు ప్రశాంతంగా ఉందే తల్లీ" అని కొలతల టేపుతో మెడ గోక్కుంది.

ఆ ప్రశాంతత కూడా ఎన్నాళ్లో నిలవలేదు. కోసిన బిళ్లలు వారం పక్కన పెడితే ఎండిపోయి, నీళ్లు పోస్తే చుక్క దిగనిచ్చేవి కావు. ఎండేటప్పుడు గుమ్మాల్లోని పొరలు పక్క గోడలకు అతుక్కుపోతున్నాయని మేడమ్ కనిపెట్టారు. ముందు వేడినీళ్లలో నానబెట్టి, తర్వాత స్పిరిట్‌లో ముంచి ఆరబెడితే అతుక్కోవని చూశారు. మునకలు వేయించే పని బాబాయిది. చొక్కాకు, చేతులకు ఆ వాసన పట్టేసింది.

ఓ సాయంత్రం పిన్ని నాకు ఫోన్ చేసింది. "నిజం చెప్పు. ఆఫీసులో మీ బాబాయి ఎవరితో తిరుగుతున్నారు?"

"ఎవరితో ఏంటి పిన్నీ, చెక్కతో."

"ముప్పై తొమ్మిదేళ్ల కాపురంలో సోడా కూడా తాగని మనిషి. రోజూ వాసనేసుకుని వస్తున్నారు. అడిగితే చెక్కకి తాగించానంటున్నారు. ఏ మొగుడైనా ఇంతకన్నా నమ్మేలా అబద్ధం చెప్తాడు కదే."

అంత నమ్మలేనిది కాబట్టే నిజమని ఆవిడకు నచ్చజెప్పేసరికి నాకు తలప్రాణం తోకకొచ్చింది.

ఇంతలో అసలు చిక్కు వచ్చిపడింది. మేడమ్ గది పక్కన క్రిముల లెక్క చూసే గది ఉంది. వడకట్టిన నీటిని అక్కడికి పంపితే, రెండు రోజుల తర్వాత ఇందులో ఎన్ని ఉన్నాయో చెబుతారు. పది బిళ్లల్లో ఏడు బ్రహ్మాండంగా వచ్చాయి. మూడింట్లోంచి క్రిములు దిగాయి. మళ్లీ చేశారు, మళ్లీ మూడు. మేడమ్ తల పట్టుకున్నారు. చెక్కలోనే లోపముందేమో, చెట్టు మార్చాలేమో అన్నారు.

"చెక్కకి ఆ బుద్ధి లేదు" అన్నాడు బాబాయి.

"లెక్క చెబుతోంది కదండీ."

"లెక్క కారిందని చెప్పింది. ఎక్కడ కారిందో చెప్పిందా?"

స్టూలు లాక్కుని, గొట్టం ముందు కూర్చుని, ఎర్రనీళ్లు పోసి, ఎడమ కన్ను మూశాడు. రెండు గంటలు కదల్లేదు. పనిమీద అటూ ఇటూ వెళ్లేవాళ్లు ఆయన కునుకు తీస్తున్నాడనుకుని అడుగులో అడుగేసుకుంటూ నడిచారు. చివరికి "మేడమ్" అని పిలిచాడు. చెక్కకూ గొట్టం గోడకూ మధ్య, దారప్పోగంత ఎర్ర గీత మెల్లగా కిందికి పాకుతోంది. చెక్కలోంచి ఏమీ రాలేదు. క్రిములు అంచులోంచి దొంగదారిన వచ్చాయి.

"మీ గొట్టం గుండ్రంగా లేదు. వెంట్రుకవాసి కోలగా ఉంది" అన్నాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

కారణం తెలిసినా మందు దొరకలేదు. తడి చెక్కను ఏ జిగురూ పట్టుకోలేదు. మైనం పోశాడు, పగిలింది. లక్క పెట్టాడు, ఊడింది. నూలు చుట్టాడు, అది దానిష్టం వచ్చినట్టు తాగి ఉబ్బింది. ఇంట్లో అన్నం కలుపుతూ కూడా చూపుడువేలితో కంచం అంచు తడిమేవాడు.

ఓ సెలవు రోజు మా చెల్లెలూ అల్లుడూ వచ్చారు. నేనూ అక్కడే ఉన్నాను. బాబాయి వరండాలో గొట్టాలు పరచుకుని కూర్చున్నాడు. అల్లుడు కాసేపు నిలబడి చూశాడు, తర్వాత గొంతుక్కూర్చున్నాడు.

"మామయ్యా, ఒక మాట."

"సెలవియ్యండి అల్లుడుగారూ" అన్నాడు బాబాయి తలెత్తకుండానే. మర్యాద ఎక్కువైందంటే ప్రేమ తక్కువైందని మా ఇంట్లో అందరికీ తెలుసు.

"చెక్కని గొట్టంలోకి దూర్చడం ఎందుకు? చెక్కకే గొట్టం తొడిగితే?"

బాబాయి చెయ్యి ఆగింది. అల్లుడు స్కూటర్ దగ్గరికెళ్లి పాత టైరు ట్యూబు ముక్క, రెండు బిగింపు పట్టీలు తెచ్చాడు. ట్యూబును రెండు చేతులా సాగదీసి బిళ్ల చుట్టూ తొడిగి వదిలేశాడు. చప్పున పట్టుకుంది. పైన పట్టీ బిగించాడు.

"లాగి తొడిగితే అదే పట్టుకుంటుంది మామయ్యా. మీ చెక్క గుండ్రంగా ఉన్నా, కోలగా ఉన్నా దానికి పట్టింపు లేదు. తడైనా ఒకటే, పొడైనా ఒకటే. రోజూ చూస్తాను కదా."

ఎర్రనీళ్లు పోశారు. బాబాయి తప్పు పట్టుకోవడానికి శాయశక్తులా ప్రయత్నించాడు. ఎడమవైపు నుంచి చూశాడు, కుడివైపు నుంచి చూశాడు, నేల మీద వెల్లకిలా పడుకుని కింది నుంచి చూశాడు. ఇరవై నిమిషాలకు లేచి చొక్కా దులుపుకున్నాడు.

"అంచు బాగుంది."

పిన్ని గుమ్మంలోంచి గడియారం కేసి చూసి, "ఎవరైనా టైము రాసిపెట్టండి" అంది. "ఈ మనిషి నోట ఆ మాట వినడం నాకిది రెండోసారి."

"మొదటిసారి ఎప్పుడు పిన్నీ?"

"గుర్తులేదు. ఎప్పుడో అని ఉంటారులే అని నేనే ఒకటి వేసుకున్నాను."

బాబాయి అదేమీ విననట్టే, "ఏమయ్యా, ఆ ట్యూబు ఇంకో నాలుగు ముక్కలుంటుందా?" అని అడిగాడు. ఆరేళ్లలో అల్లుడిని 'ఏమయ్యా' అనడం అదే మొదలు. అల్లుడు "సరే మామయ్యా" అని అలవాటు కొద్దీ అనేసి, అడిగింది అది కాదని గుర్తొచ్చి, "ఉంది మామయ్యా, చాలా ఉంది" అని స్కూటర్ దగ్గరికి దాదాపు పరిగెత్తాడు. లోపల మా చెల్లెలు చేతిలో గిన్నె జారవిడిచింది.

ఆ తర్వాత పదికి పది బిళ్లలూ నిలిచాయి. మూడు నెలలు వరసగా లెక్కలు చూశాక మేడమ్ వాటిని బయట ఎక్కడైనా పెట్టి చూద్దామన్నారు. పిన్ని పనిచేసే కుట్టుపని కేంద్రానికి కొండవాగు నీళ్లు నేరుగా వస్తాయి. వానలు మొదలయ్యాయంటే పాతిక మంది ఆడవాళ్లలో ఇద్దరు ముగ్గురు కడుపులు పట్టుకుని ఇంట్లోనే ఉంటారు. అక్కడే పెట్టారు. పైన తొట్టి, తొట్టిలోకి వెళ్లేముందు మట్టి ఆగడానికి గుడ్డ, కింద వరసగా ఆరు ట్యూబులు, ట్యూబుకో చెక్కబిళ్ల, కింద స్టీలు పీపా.

మొదటి గ్లాసు నిండడానికి ఆరు ట్యూబులూ కలిసినా చాలాసేపే పట్టింది. "ఈ లెక్కన నా ఇవాళ్టి దాహం రేపటికి తీరుతుంది" అని ఒకావిడ అంది. రాత్రంతా వదిలేస్తే పీపా నిండుతుందని మేడమ్ చెప్పారు. ఇది ఉప్పును తియ్యదనీ, నీళ్లలో కరిగిపోయిన మందుల్ని ఆపదనీ, మరీ సూక్ష్మమైన క్రిములు కొన్ని తప్పించుకోవచ్చనీ దాచకుండా చెప్పారు. ఈ వాగు నీటిని ముందే పరీక్ష చేయించామనీ, ఇక్కడి రోగాలు తెచ్చేవాటిని ఇది ఆపుతోందనీ చెప్పి, గ్లాసెత్తి తాగేశారు.

రెండో గ్లాసు ఒక్క ట్యూబు కిందే పెట్టారు, అది ఇంకా నెమ్మదిగా నిండింది. అందరూ బాబాయి కేసి చూశారు. ఒకావిడ గ్లాసు తీసి ఆయన చేతికిచ్చింది.

"నాకిప్పుడు దాహంగా లేదమ్మా" అన్నాడు.

కుట్టుమిషన్ వెనక నుంచి పిన్ని లేచింది. "ఉండదు. ఆయన సంచిలో ఇంటి నీళ్ల సీసా ఉంది. రోజూ పొద్దున్న నేనే నింపిస్తాను. ఏడాదయింది ఆ పనిలో చేరి, ఇంతవరకు తాను వడకట్టిన నీళ్లు ఒక్క చుక్క నోట్లో పోసుకోలేదు."

మేడమ్ ఆయన వైపు తిరిగారు. బాబాయి కాసేపు నీళ్లు నమిలాడు, సీసాలోవి కూడా తాగకుండానే.

"నేను చేసిన కుర్చీలో నాకు భయం లేదు మేడమ్" అన్నాడు చివరికి. "కాలు బీటలిస్తే కనపడుతుంది, కిర్రుమంటే వినపడుతుంది. ఇందులో నేను తప్పు చేస్తే నాకే తెలీదు. నలభై ఐదేళ్లు ఈ కంటినే నమ్ముకుని బతికాను. కనపడనిదాన్ని ఎలా నమ్మాలో నాకెవరూ నేర్పలేదు."

ఇంట్లో ఎప్పుడూ చెప్పని మాట అది. పిన్ని కూడా ఆ జవాబు అనుకోలేదు. మేడమ్ మెల్లగా, "నాకూ కనపడదు మేస్త్రిగారూ. అందుకే ఆ లెక్క గది కట్టుకున్నాం" అన్నారు.

పిన్ని బల్లల మధ్య నుంచి వచ్చి ఆయన చేతిలో గ్లాసు తీసుకుంది. "ఇది ఏ బిళ్లలోంచి వచ్చింది?"

ప్రతి బిళ్ల అడుగునా ఆయన ఉలితో అంకె చెక్కుతాడు. వంగి చూశాడు. "నూట పన్నెండు."

"ఎవరు కోశారు?"

"నేనే."

"అయితే చాలు" అని గ్లాసు ఖాళీ చేసింది. మూతి తుడుచుకుని వెళ్లి మిషన్ మీద కూర్చుంది.

ఆ వారం పిన్నికి నరకం కనిపించింది, అది కూడా కడుపు వల్ల కాదు. పొద్దున్న లేవగానే "కడుపెలా ఉంది?" మధ్యాహ్నం నాతో ఫోన్ చేయించి "కడుపెలా ఉందట?" సాయంత్రం ఎదురెళ్లి సంచి అందుకుంటూ "కడుపులో ఏమైనా..." కాపురానికి వచ్చిన ఇన్నేళ్లలో తన ఆరోగ్యం గురించి ఇన్నిసార్లు అడగలేదనీ, అడిగినన్నాళ్లు అడగనిద్దామని తానూ సరిగ్గా జవాబు చెప్పకుండా నానుస్తున్నాననీ పిన్ని నాతో చెప్పింది. ఐదో రోజు మూడో అంతస్తుకి కాగితాలు తీసుకెళ్లి చూస్తే బాబాయి బల్ల దగ్గర ఒక్కడే నిలబడి ఉన్నాడు. చేతిలో గ్లాసు. కళ్లు రెండూ మూసుకుని, చేదుమందు తాగినట్టు గటగటా తాగాడు. కళ్లు తెరిచేసరికి ఎదురుగా నేను.

"పచ్చిచెక్క వాసన వస్తోంది" అన్నాడు గంభీరంగా. "మేడమ్‌తో చెప్పాలి."

ఆ వానాకాలం కుట్టుపని కేంద్రంలో కడుపు పట్టుకుని ఇంట్లో ఉన్నది ఒక్కరే, అది కూడా చుట్టాలింట్లో ఎక్కువ తిన్నందుకు. బిళ్లలు వారానికోసారి మట్టి పట్టేసి నెమ్మదిస్తాయి. మార్చాల్సిందే. ట్యూబు తొడగడం, పట్టీ బిగించడం ఆడవాళ్లందరికీ అల్లుడే వచ్చి నేర్పాడు. అంత మంది ముందు గొంతు పెంచక తప్పలేదు. బాబాయి వెనక బెంచీ మీద కూర్చుని విన్నాడు, మధ్యలో అడ్డు రాలేదు. ఒకసారి మాత్రం లేచి మళ్లీ కూర్చున్నాడు.

మేడమ్ రాసిన పరిశోధన వ్యాసం అచ్చయింది. చివర కృతజ్ఞతల్లో మేస్త్రి పేరుంది. ఆవిడ తెచ్చి చూపిస్తే బాబాయి చదివించుకుని విని, "ట్యూబు సంగతి లేదే" అన్నాడు. అచ్చయిపోయిందంటే ఊరుకోలేదు. తర్వాతి వ్యాసంలో అల్లుడి పేరు వచ్చేదాకా పది రోజులకోసారి గుర్తు చేశాడు. తన పేరు పక్కనే రావాలన్నాడు, కింద కాదు.

ఇప్పుడు బిళ్లలు కొయ్యడానికి మేడమ్ ఒక కోత యంత్రం చేయించారు. రోజుకు రెండు వందలు కోస్తుంది. వాటిలో బాబాయి పక్కన పడేసేవి ఏ ముప్పయ్యో. మొదట్లో అరవై పడేసేవాడు. ఆయన అలక తగ్గిందో, యంత్రం మెరుగయిందో నాకు తెలియదు.

వాటికి కొమ్మలు కావాలి కదా. కరెంటు తీగలకు అడ్డమొచ్చే కొమ్మలు కొట్టే పురపాలక సంఘం లారీ మంగళవారాల్లో మా వైపు వస్తుంది. నిచ్చెన ఎక్కినవాడికి కింద నుంచి ఆయన ఒకటే సూచనలు. అది వద్దు, ముదిరింది. ఇదీ వద్దు, ముడులున్నాయి. ఆ సన్నది, మణికట్టంత లావుది, నిన్నటి వానకి బాగా తాగిన మొహం పెట్టిందే, అది. కొట్టేవాళ్లకు మొదట్లో చిరాకేసేది. ఈమధ్య ఆయన రాకపోతే లారీ వీధి మొదట్లోనే ఆగి హారన్ కొడుతోంది. పిన్ని టిఫిను డబ్బా చేతికిచ్చి, "వెళ్లండి, మీ కోసం చెట్టు ఎదురుచూస్తోంది" అని పంపుతోంది. ఆయన చెప్పులేసుకుంటూనే పైకి చూస్తూ బయల్దేరతాడు.